ఎడమ కాలికి జర్మనీ ట్యూబు, కుడి కాలికి ఇప్పనూనె

మాది ఆదిలాబాద్. చలికాలం పేపర్లో కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టిక వేస్తారు చూడండి, అందులో మా జిల్లాదో పక్కనున్న ఆసిఫాబాద్ జిల్లాదో ఒక ఊరి పేరు లేకుండా ఉండదు. బేల, సిర్పూర్ (యు), గిన్నెదరి పేర్లు చాలామందికి తెలిసిందే ఆ పట్టికల వల్ల. ఐదారు డిగ్రీలకు పడిపోవడం ఇక్కడ వింతేం కాదు. చలికి స్వెటర్ ఉంది, రగ్గు ఉంది. దాంతో పాటు వచ్చే పొడిగాలితోనే నా బాధంతా.

నాది చిన్నప్పటి నుంచీ పొడిచర్మం. యాభై దాటాక మరీ ఎక్కువైంది. మోకాలి కింద ఎముక మీద వేలితో ఒక గీత గీస్తే బోర్డు మీద చాక్‌పీస్‌తో గీసినట్టు తెల్లగా నిలిచిపోతుంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి లంగా విప్పితే లోపలివైపు సన్నటి పొట్టు. రాత్రి దుప్పటి కప్పుకుని ఒళ్లు కాస్త వెచ్చబడగానే దురద మొదలు. గోకకూడదని తెలుసు, నిద్రలో చెయ్యి మాట వింటుందా? మడమల సంగతి ఇంకో కథ. షిఫాన్ చీర కట్టిన రోజు వంగి కుచ్చిళ్లు సర్దుకుంటుంటే అంచు పోగు వెళ్లి మడమ పగులులో చిక్కుకుంటుంది. లాగితే చీర పోగైనా పోవాలి, మడమైనా మండాలి.

చర్మం డాక్టర్ దగ్గరికి పోతే ఆవిడ క్రీము సంగతి తర్వాత, ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకురండి అన్నారు. టీఎస్‌హెచ్ ఎక్కువే వచ్చింది, అంటే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదన్నమాట. పొద్దున్నే పరగడుపున మాత్ర మొదలైంది. జుట్టు రాలడం తగ్గింది, నీరసం తగ్గింది, పొడి కూడా సగం తగ్గింది. మిగతా సగం ఇప్పటికీ నాతోనే ఉంది. ఏళ్ల తరబడి రకరకాల లోషన్లు మార్చేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు ఆ రక్తపరీక్ష చేయించుకోండి. ఒక మంచి డబ్బా లోషన్ ఖర్చు కూడా కాదు.

మా అన్నయ్య కూతురు జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో చదువుకుంటోంది. ఈసారి సెలవులకు వస్తూ “అత్తా, నీ కాళ్లకు తెచ్చా” అని ఒక ఆకుపచ్చ ట్యూబు చేతిలో పెట్టింది. వెలెడా వాళ్ల స్కిన్ ఫుడ్. ఆ కంపెనీ 1921లో పుట్టింది, ఈ క్రీము 1926 నుంచీ ఉంది. ఫ్యాక్టరీ ఉన్న ష్వేబిష్ గ్మూండ్ అనే ఊరు వీళ్లుండే చోటికి దగ్గరేనట. అక్కడ మందుల షాపుల్లోనూ సూపర్ మార్కెట్లలోనూ మామూలుగా దొరుకుతుందంది. పెద్ద ట్యూబు 75 మిల్లీలీటర్లు, మన డబ్బుల్లో వెయ్యి దాటుతుంది. ఆ మాట అత్తమ్మ ముందు అనొద్దని కళ్లతోనే సైగ చేశాను.

చలికి ఆ క్రీము ట్యూబులోంచి ఓ పట్టాన బయటికి రాదు. చంకలో పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టి నొక్కితే లేత పసుపురంగులో మందంగా వస్తుంది. వేలి మీద నిలబడుతుంది, జారదు. కాలికి రాస్తే మొదట తెల్లగా పూసుకుంటుంది, రుద్దుతుంటే వేలు పట్టుకున్నట్టు ఆగి ఆగి కదులుతుంది, తర్వాత నూనె మెరుపు తేలి తెలుపు పోతుంది. వాసన మాత్రం నాకు తెగ నచ్చింది. కమలాపండు తొక్క, లావెండర్, వాటి వెనక ఏదో ఆకుపసరు. మా ఆయనకు నచ్చలేదు, ఆయుర్వేదం కొట్టులో పడుకున్నట్టుందన్నారు.

కాలేజీలో నేను చెప్పేది కెమిస్ట్రీ, అందుకే ట్యూబు దొరికితే ముందు వెనకవైపే చదువుతాను. ముందువైపు అన్నీ పూలూ మూలికలూ. వయోలా ట్రైకలర్ అనే అడవి పాన్సీ పువ్వు, చామంతి జాతిది కామొమైల్, కాలెండులా, రోజ్‌మేరీ. కాలెండులా అంటే దసరాకు గుమ్మానికి కట్టే మన బంతి కాదు, వేరే మొక్క. ఇక వెనకవైపు జాబితా చూడండి. ఇలాంటి జాబితాల్లో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక రాయాలని నియమం. ఒక శాతం కంటే తక్కువున్న వాటిని మాత్రం ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఇందులో మొదట నీళ్లు. తర్వాత పొద్దుతిరుగుడు నూనె. తర్వాత లానోలిన్ అనే మైనం, బాదం నూనె, తేనెమైనం. ఆపైన ఆల్కహాల్, గ్లిజరిన్ వగైరా. పూలు వచ్చేది వాటన్నిటి తర్వాతే.

అంటే పొడిచర్మం పని పట్టేది ఆ నూనెలూ లానోలిన్ మైనమే. పూలసారాలు ఏమీ చేయవని నేననను, కామొమైల్, కాలెండులా యూరప్‌లో తరతరాలుగా చర్మానికి వాడుతున్నవే. కానీ మూలికల క్రీము అని మనం మురిసిపోయేది దేన్ని చూసో, పని జరిగేది దేనివల్లో, ఆ రెండూ వేరు. మన దగ్గర కూడా డబ్బా మీద వేపాకూ కలబందా బొమ్మలు వేసి అమ్మే క్రీముల్ని తిప్పి చూడండి, ఇదే వరస కనిపిస్తుంది.

జాబితా మధ్యలో ఒక పేరు చూసి నవ్వొచ్చింది. పాలీగ్లిసరిల్-3 పాలీరిసినోలియేట్. పలకడానికి నోరు తిరగదు గానీ నూనెనూ నీళ్లనూ విడిపోకుండా కలిపి ఉంచేది అదే. అందులో రిసినోలిక్ ఆమ్లం వచ్చేది ఆముదం నుంచి. ప్రపంచంలో ఆముదం అన్నిటికన్నా ఎక్కువ పండేది మన దేశంలోనే, ఎక్కువ భాగం గుజరాత్‌ది. మన పాలమూరు, నల్గొండ చెలకల్లో కూడా వేస్తారు. మడమలు పగిలితే ఆముదం రాయమని మా అమ్మమ్మ చెప్పేది. అది జర్మనీ దాకా పోయి ఇంత పొడుగు పేరు పెట్టుకుని తిరిగొచ్చింది.

లానోలిన్ దగ్గర మా ఇంట్లో పేచీ వచ్చింది. లానోలిన్ అంటే గొర్రె ఒంట్లోంచి ఊరి ఉన్నికి పట్టే మైనం. కత్తిరించిన ఉన్నిని కడిగేటప్పుడు వేరుచేసి శుద్ధి చేస్తారు. గొర్రెను చంపక్కర్లేదు. దాని గొప్పదనం ఏమిటంటే తన బరువుకు రెండింతల దాకా నీటిని పట్టుకోగలదు, పైన పొరలా ఉండి ఒంట్లో తేమను ఎగిరిపోనివ్వదు. ఇదంతా భోజనాల దగ్గర చెబుతుంటే అత్తమ్మ అన్నం కలపడం ఆపి, “గొర్రె కొవ్వా? అది రాసుకుని వంటింట్లోకి వచ్చావా?” అంది. మా అత్తమ్మకు మడి పట్టింపు ఉంది. కొవ్వు కాదు అత్తమ్మా, ఉన్ని జిడ్డు అన్నాను. అదేమన్నా తక్కువా అంది.

మా మేనకోడలే గట్టెక్కించింది. “అమ్మమ్మా, మడికి ధావళి కట్టుకుంటావు కదా, అది ఉన్నిదే కదా?” అని అడిగింది. నూలుచీర ఉతికి ఆరేస్తే తప్ప మడికి రాదు, ఉన్ని ధావళికి ఆ బాధ లేదు. అత్తమ్మ కాసేపు ఆలోచించింది. ఊరుకుంటే నేను గెలిచేదాన్ని, కానీ బొరోలిన్ సంగతి కూడా కదిపాను. 1929లో కలకత్తాలో పుట్టిన ఆ క్రీములో కూడా లానోలిన్ ఉంటుంది, అదీ ఆకుపచ్చ ట్యూబే. అత్తమ్మ పెదాలు పగిలితే రాసేది అదొక్కటే, నా పెళ్లికి ముందు నుంచీ. ఆ మాటకు ఆవిడ నాతో ఆ పూటంతా మాట్లాడలేదు. మర్నాడు పూజ అయ్యాక వచ్చి కాళ్లు చాపి కూర్చుని “ఏదీ, కాస్త ఇటు రాయి” అంది.

ఇప్పనూనె కథ దీనికి సమాంతరంగా నడిచింది. ల్యాబ్‌లో పిల్లలకు సబ్బు తయారీ చెబుతూ ఏ నూనె చలికి గడ్డకడుతుంది, ఏది కట్టదు, ఎందుకు అని అడిగాను. కొబ్బరినూనె అని అందరూ అన్నారు. ఉట్నూరు వైపు నుంచి వచ్చే ఒక గోండు అమ్మాయి ఇప్పనూనె అంది. మిగతా పిల్లల్లో సగం మందికి ఇప్పపువ్వు తెలుసు, సారా తెలుసు, ఉట్నూరులో చేసే ఇప్పపువ్వు లడ్డూ తెలుసు, గింజల్లోంచి నూనె వస్తుందని తెలియదు. ఆ పిల్ల వచ్చే వారం ఇంటి నుంచి పాత మంచినీళ్ల సీసాలో తెచ్చింది. సీసా తలకిందులు చేస్తే కదలలేదు. పసుపచ్చటి వెన్నలా పేరుకుని ఉంది. ఎండలో పెడితే మెల్లగా కరిగి అంచుల నుంచి విడివడింది.

వాళ్లింట్లో దాన్ని వంటకూ వాడతారు, దీపానికీ వాడతారు, చలికాలం ఒంటికీ పట్టిస్తారు. వేసవి మొదట్లో పూలు రాలతాయి. ఆ తర్వాత కాయ. వానలు మొదలయ్యే వేళకు పండి రాలిన కాయల్లోంచి గింజలు తీసి ఎండబెట్టి, పెంకు కొట్టి, పప్పు గానుగకు ఇస్తారు. “మా నానమ్మ కాళ్లు చూడండి మేడమ్, అసలు పగలవు” అంది ఆ పిల్ల. నానమ్మ వయసెంత అంటే తెలియదంది.

వాసన గురించి దాచడమెందుకు, కొంచెం కష్టం. నూనె వాసనలో ఓ చేదు ఉంటుంది. అలవాటైతే పట్టదు గానీ స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీ వాళ్లకు అలవాటు కావాలి కదా. ఇప్పనూనెలో పామిటిక్, స్టియరిక్ లాంటి గట్టి కొవ్వు ఆమ్లాలు బాగా ఉంటాయి. అందుకే పేరుకుంటుంది, అందుకే ఒంటికి రాశాక మందంగా నిలుస్తుంది. మిగతాది ఎక్కువగా ఓలియిక్, కొంత లినోలియిక్.

రెండూ చేతిలో ఉన్నాయి, రెండు కాళ్లున్నాయి. ఎడమ కాలికి జర్మనీ ట్యూబు, కుడి కాలికి ఇప్పనూనె. ఇంతకంటే చవగ్గా అయ్యే ప్రయోగం ఉండదు. మిగతావన్నీ రెండింటికీ ఒకటే. గోరువెచ్చని నీళ్లు మాత్రమే, పొగలు కక్కేవి కాదు. చలికి ఎంత హాయిగా ఉన్నా వేడినీళ్లు ఉన్న కాస్త జిడ్డునూ కడిగేస్తాయి. కాళ్లకు సబ్బు మానేశాను. మామూలు సబ్బు క్షారం, పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది, చర్మం పైపొర కాస్త ఆమ్లం, 5 దగ్గర, రెండింటికీ పడదు. చంకలకూ పాదాలకూ సబ్బు, మిగతా ఒంటికి నీళ్లు చాలు. అసలు కాళ్ల ముందుభాగం ఎందుకంత త్వరగా ఎండిపోతుందంటే అక్కడ నూనెగ్రంథులు తక్కువ. అరికాళ్లలో, అరచేతుల్లో అసలే ఉండవు. ముఖం మీదా నెత్తి మీదా ఎక్కువ. అందుకే ఒకే మనిషికి ముక్కు జిడ్డోడుతూ మడమ పగులుతుంది.

అన్నిటికన్నా తేడా తెచ్చింది మాత్రం ఎప్పుడు రాస్తామన్నది. ఒళ్లు పూర్తిగా తుడుచుకుని, చీర కట్టుకుని, తీరిగ్గా మంచం మీద కూర్చుని రాసేదాన్ని ఇంతకాలం, మనలో చాలామంది రాసేది కూడా అలాగే. ఇప్పుడు స్నానాలగదిలోనే, తువ్వాలుతో అద్ది ఇంకా తడి ఉండగానే రాస్తున్నాను. నూనె తేమను తెచ్చివ్వదు, ఉన్నదాన్ని పోనివ్వకుండా ఆపుతుంది, అంతే. ఎండిన కాలికి నూనె రాస్తే నూనె రాసిన ఎండిన కాలు అవుతుంది. ఇప్పనూనె విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అందులో నీళ్లు లేవు. క్రీములో నీళ్లూ గ్లిజరినూ ఎలాగూ ఉన్నాయి కాబట్టి పొడికాలికి రాసినా కొంత నడుస్తుంది.

కొన్నాళ్లకు ఏం తేలిందంటే, మోకాలి కింద ఎడమకూ కుడికీ నా కంటికి తేడా కనబడలేదు. గీత గీస్తే రెండు వైపులా తెల్లబడలేదు. దురద రెండింటికీ తగ్గింది. మా ఆయనను కళ్లద్దాలు పెట్టుకుని చూసి చెప్పమన్నాను, ఆయన రెండు కాళ్లూ మార్చి మార్చి చూసి “ఏది ఏ కాలు?” అన్నారు. లానోలిన్, మైనం, పూలసారాలు, వందేళ్ల పేరు ఒకవైపు, మంచినీళ్ల సీసాలో నూనె ఒకవైపు. మామూలు కాళ్ల పొడికి రెండూ ఒకటే పని చేశాయి.

చేతుల దగ్గర మాత్రం క్రీముదే గెలుపు. లానోలిన్ పట్టుకున్నంతగా ఇప్పనూనె పట్టుకోదు. రెండుసార్లు గిన్నెలు కడిగితే నూనె పోతుంది, క్రీము పోదు. నూనె చేతులతో చాక్‌పీస్ పట్టుకుంటే జారుతుంది కూడా. రాత్రి పడుకునేముందు వేళ్ల కణుపులకు, గోళ్ల చుట్టూ ఉండే పొట్టుకు బఠాణీ గింజంత క్రీము రాసుకుంటే తెల్లారేసరికి వేళ్లు వంచినప్పుడు చుర్రుమనడం లేదు. ముఖానికి రెండూ వద్దు. క్రీము రాసి చూశాను, మధ్యాహ్నానికి దుమ్మంతా నా బుగ్గల మీదే ఉంది.

మడమలకు నిజం చెప్పాలంటే రెండూ చాలలేదు. అక్కడి చర్మం మందం వేరు. డాక్టర్ రాసిచ్చిన యూరియా క్రీమే ముందు ఆ గట్టిపొరను మెత్తబరచాలి, ఆ తర్వాత పైన నూనో క్రీమో రాసి మేజోళ్లు తొడగాలి. మేజోళ్లు తప్పనిసరి, లేకపోతే నున్నటి బండల మీద జారి పడతారు. బ్లేడుతో చెక్కుకునే అలవాటున్న వాళ్లు దయచేసి మానేయండి. అత్తమ్మకు షుగర్ ఉంది, ఆవిడ పాదాలు రోజూ నేనే వంగి చూస్తాను. షుగర్ ఉన్నవాళ్లకు పగులు పడినా నొప్పి తెలియకపోవచ్చు, అది పుండు అయ్యేదాకా ఇంట్లో వైద్యాలు చేస్తూ కూర్చోకూడదు. వేళ్ల సందుల్లో క్రీము పెట్టకూడదు, అక్కడ తడి నిలిస్తే ఒరుసుకుపోతుంది.

సహజం అన్న మాట చూసి కళ్లు మూసుకుని రాసుకునే వస్తువు కూడా కాదు ఈ క్రీము. ఆ వాసన ఇచ్చే లిమొనీన్, లినలూల్ కొందరికి పడవు. యూరప్‌లో వాటి పేర్లు లేబుల్ మీద విడిగా రాయాలన్నదే అందుకు. లానోలిన్‌ను అమెరికాలో చర్మ ఎలర్జీ డాక్టర్ల సంఘం 2023కు “ఈ ఏటి ఎలర్జెన్” అని ఎంచుకుంది. ఎక్కువమందికి ఏమీ కాదు. ఎగ్జిమా ఉన్నవాళ్లు మాత్రం మోచేతి లోపలివైపు కాస్త రాసి రెండు మూడు రోజులు చూసుకుని మొదలుపెట్టాలి. నేనూ అలాగే చేశాను, నాకేం కాలేదు.

ఇంకొకటి, ఇది పెద్దవాళ్లున్న ఇళ్లకు. క్రీములూ నూనెలూ రోజూ అంటుకుని ఎండిన బట్టకు మామూలు బట్ట కంటే త్వరగా నిప్పంటుకుంటుంది. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరికలే ఇచ్చింది. అత్తమ్మ కాళ్లకు రాసుకునే రోజుల్లో ఆ లంగా, ఆ చీర రోజూ ఉతుకుతున్నాం, దీపారాధన వేళ కొంగు దోపుకోమంటున్నాం. ఇప్పనూనె మరక సామాన్యంగా పోదు, దానికి పాత లంగాలు రెండు విడిగా పెట్టాను.

మా మేనకోడలు వెళ్లేటప్పుడు “ఇంకో ట్యూబు పంపనా అత్తా?” అంది. 30 మిల్లీలీటర్లది చిన్నది కూడా ఉంటుందట, చేతులకు అది చాలన్నాను. ఇప్పనూనె తెచ్చిన పిల్లకేమో వచ్చే ఏడాది గానుగ ఆడించినప్పుడు రెండు లీటర్లు నాకు పెట్టమని ఇప్పుడే చెప్పి పెట్టాను. డబ్బులొద్దు మేడమ్ అంది. తీసుకోకపోతే నూనె తీసుకోనన్నాను. ఇంట్లో అడిగి రేటు చెబుతానంది, ఇంకా చెప్పలేదు.